రీవ్, షెరీఫ్: ఈ పాత ఇంగ్లిష్ మాటల మీద అపోహలు - వాస్తవాలు

మధ్యయుగపు ఇంగ్లిష్ సాహిత్యం పాఠం చెప్తుంటాను, ప్రతి బ్యాచ్‌లోనూ 'రీవ్' (దొర తరఫున వ్యవహారాలు చూసేవాడు) దగ్గర అవే డౌట్లు వస్తున్నాయి, అందుకే ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: షెరీఫ్ అనేది అరబిక్ 'షరీఫ్' నుంచి వచ్చింది.

కాదండీ, వినడానికి దగ్గరగా ఉన్నాయంతే. పాత ఇంగ్లిష్‌లో 'షిర్' అంటే జిల్లా లాంటి ప్రాంతం, యార్క్‌షైర్ చివర ఉన్నది అదే. 'యెరేవా' అంటే రాజు తరఫునో దొర తరఫునో వ్యవహారాలు చూసేవాడు. రెండూ కలిసి అరిగీ అరిగీ షెరీఫ్ అయింది, యెరేవా ఒక్కటే ఉన్నచోట మొదటి 'యె' రాలిపోయి రీవ్ మిగిలింది. 1066లో నార్మన్లు దిగేసరికే ఇంగ్లండ్‌లో షెరీఫులున్నారు.

అపోహ: స్పెల్లింగ్ ఎలా రాసినా పర్లేదు.

రీవ్‌లో ఆర్ తర్వాత రెండు ఈలు, వి, ఈ. రెండో ఈ బదులు ఏ పెడితే దోచుకోవడం అనే వేరే క్రియ అయిపోతుంది! షెరీఫ్‌లో ఆర్ ఒకటే, ఎఫ్‌లు రెండు, చాలామంది తిరగేసి రాస్తారు.

అపోహ: రీవ్ అంటే పెద్ద ఆఫీసర్.

రాజుగారి రీవులు ఉండేవాళ్లు నిజమే, కానీ 13వ శతాబ్దపు మేనర్‌లో, అంటే దొర ఎస్టేటులో, రీవ్ సాధారణంగా దొర కింద కట్టుబడి ఉన్న రైతే, చాలాచోట్ల తోటి రైతులే ఎన్నుకునేవాళ్లు. దున్నకాలు, కోతలు, పశువులు అన్నీ తనే చూసుకుని సెప్టెంబర్ 29న మైకేల్‌మస్ పండక్కి అటూఇటూగా లెక్క అప్పజెప్పాలి, తేడా వస్తే తన జేబులోంచే కట్టాలి. అందుకే అనువాదాల్లో దీన్ని 'కరణం' అనేయడం నాకు నచ్చదు, మన కరణీకం వంశపారంపర్యంగా వచ్చేది కదా. 14వ శతాబ్దపు ఇంగ్లిష్ కవి చాసర్ కాంటర్‌బరీ కథల్లో రీవ్‌ని చూడండి, దొరకి ఇరవై ఏళ్లు వచ్చినప్పట్నుంచీ లెక్కలు వీడే చూస్తున్నాడు, ఏ ఆడిటరూ బాకీ పట్టుకోలేడు, దొర సొత్తునే దొరకి అప్పిచ్చి థాంక్సూ బహుమతీ కొట్టేస్తాడు. ఆ పదవిలో ఎంత సందుందో అక్కడే తెలిసిపోతుంది.

అపోహ: జర్మన్ 'గ్రాఫ్' (అక్కడి ప్రభువుల బిరుదు), రీవ్ ఒకటే మాట.

సంబంధం లేదనే ఎక్కువమంది పండితుల మాట.

అపోహ: రీవ్ ఇప్పుడెక్కడా లేడు.

ఇంగ్లండ్‌లో దాదాపు పోయింది, కానీ కెనడా సస్కాచ్వాన్‌లో పల్లె మున్సిపాలిటీల పెద్దని ఇప్పటికీ రీవ్ అనే అంటారు, ఓట్లేసి మరీ ఎన్నుకుంటారు.