అప్‌టైమ్ సున్నా అయితే సర్వర్ రీబూట్ అయినట్టేనా?

అపోహ: అప్‌టైమ్ కౌంటర్, అంటే ఆగకుండా ఎంతసేపు నడిచిందో చూపే లెక్క, సున్నాకి వచ్చిందంటే మెషీన్ పడిలేచింది.

వాస్తవం: కంగారుపడే ముందు, అలర్ట్ రాకముందు కౌంటర్ ఎన్ని రోజుల దగ్గర ఉందో చూడండి. 497 అయితే సర్వర్ పడిపోలేదు, కౌంటర్ నిండిపోయింది. ఎస్‌ఎన్‌ఎమ్‌పీలో (నెట్‌వర్క్ మీదుగా మెషీన్ల స్థితిని అడిగి తెలుసుకునే పద్ధతి) సిస్‌అప్‌టైమ్ అనే కౌంటర్ సెకనులో వందో వంతు చొప్పున లెక్కపెడుతుంది, దానికున్నది 32 బిట్లే. 4294967295 దాటగానే, పాత స్కూటర్ మీటరు 99999 తర్వాత తిరిగినట్టు, మళ్లీ సున్నా. అంటే 497 రోజుల 2 గంటల 27 నిమిషాల 52 సెకన్లు.

ఇది తెలియక జరిగే నష్టం చిన్నది కాదు. కరెంటు పోయిందనుకుని పవర్ సప్లై మారుస్తారు, ర్యామ్ ఊడదీస్తారు. అన్నిటికన్నా ఘోరం, ‘ఎందుకైనా మంచిది’ అని నిజంగానే రీబూట్ కొట్టడం. ఏడాదికి పైగా ఆగకుండా తిరిగిన పాత డిస్కు ఆపితే మళ్లీ లేవకపోవచ్చు. ఎప్పుడో చేత్తో వేసిన నెట్‌వర్క్ రూట్లు, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఫైలు) రాయని మౌంట్లు అన్నీ పోతాయి. రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఉన్నవాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ రీబూట్ మాత్రం వద్దు.

లినక్స్ సర్వర్లో లాగిన్ అయి ‘హూ -బీ’ (who -b) కొట్టండి, బూట్ తేదీ చెబుతుంది. తర్వాత ‘లాస్ట్ రీబూట్’ (last reboot), పాత బూట్ల వరుస చూపిస్తుంది. పాత లాగ్‌లను పక్కకు తీసే లాగ్‌రొటేట్, ఆ కమాండ్ చదివే ఫైలును నెలనెలా మార్చేస్తే పాత వరుసలు కనిపించవు. అయినా ఫర్వాలేదు, ఇప్పుడే రీబూట్ అయి ఉంటే ఈరోజు తేదీతో కొత్త వరుస ఉండాలి. నెట్‌వర్క్ స్విచ్ లాంటి వాటికి ఎస్‌ఎన్‌ఎమ్‌పీలోనే ఇంజిన్‌టైమ్ అనే మరో కౌంటర్ (దాని చిరునామా 1.3.6.1.6.3.10.2.1.3.0) అడగండి. అది సెకన్లలో లెక్కపెడుతుంది కాబట్టి 497 రోజులకు తిరగదు.

అపోహ: సిస్‌అప్‌టైమ్ అంటే మెషీన్ అప్‌టైమ్.

కాదు, ఏజెంట్ (మెషీన్‌లో ఉండి ఎస్‌ఎన్‌ఎమ్‌పీ ప్రశ్నలకు జవాబిచ్చే ప్రోగ్రాము) మొదలైనప్పటి నుంచి గడిచిన సమయం. ప్యాకేజీ అప్‌డేట్ అయి ఏజెంట్ రీస్టార్ట్ అయినా సున్నాయే. మెషీన్‌ది కావాలంటే 1.3.6.1.2.1.25.1.1.0 చూడాలి. అదీ 497 రోజులకే తిరుగుతుంది.

అపోహ: లినక్స్‌లో అప్‌టైమ్ కమాండే తప్పు చూపిస్తుంది.

32 బిట్ల మెషీన్లలో 2.4 కెర్నల్ దాకా నిజమే. 2.6 నుంచి జిఫీలు (కెర్నల్ సమయం లెక్కపెట్టే టిక్కులు) 64 బిట్లు, ఆ గొడవ లేదు. అయితే కౌంటర్ 208 రోజులు దాటాక సున్నా అయితే తేలిగ్గా తీసుకోకండి. 2.6.32 కాలపు కొన్ని కెర్నళ్లు షెడ్యూలర్ గడియారం పొంగిపోయి అక్కడ నిజంగానే పానిక్ అయ్యేవి, అంటే మెషీన్ కుప్పకూలేది. దానికి మందు కెర్నల్ అప్‌డేటే. విండోస్‌లో 49.7 రోజులకు తిరిగేది మిల్లీసెకన్ల 32 బిట్ల కౌంటర్. దాన్ని వాడే ప్రోగ్రామును 64 బిట్ల కౌంటర్‌కి మార్చాలి.

అలర్ట్ నియమం కూడా మార్చండి. 5 నిమిషాలకోసారి పోలింగ్ (కౌంటర్ విలువ అడగడం) అయితే మధ్యలో పెరిగేది 30000. పాత విలువ 4294900000 దాటి ఉండి, కొత్తది 60000 లోపుంటే దాన్ని కౌంటర్ తిరగడంగా గుర్తించి, ఇంజిన్‌టైమ్ కూడా పెరుగుతూనే ఉంటే ఎవరినీ నిద్రలేపనక్కర్లేదు.