పదాల గొలుసు ఆట: ‘ఈ మాట చెల్లదు’ అనేముందు

ఒకరు చెప్పిన మాట ఆఖరి అక్షరంతోని అవతలోళ్లు ఇంకో మాట అందుకోవాలె, అదే పదాల గొలుసు. బడుల్ల ఈ పోటీ పెట్టినప్పుడల్లా, ఆట అయిపోయి పిల్లలు సమోసాలు తినే టైంకు ఎవరో ఒక తల్లో తండ్రో ఫోన్ పట్టుకొని నా దగ్గరికి వస్తరు. ఫోన్ల ఏదో నిఘంటువు తెరిచి ఉంటది. “సార్, అవతలి జట్టు పిల్లగాడు చెప్పిన మాట ఇండ్ల లేదు. పాయింట్ ఎట్ల ఇచ్చిన్రు?” హన్మకొండలనైనా, పరకాలలనైనా, నర్సంపేటలనైనా ఇదే పంచాయితీ. పిల్ల ఓడిందన్న బాధ నాకు అర్థమైతది. ప్రతి ఒక్కరికీ నిలబడి చెప్పే ఓపిక మాత్రం అయిపోయింది. అందుకే రాస్తున్న.

అపోహ: నిఘంటువుల లేకపోతే అది మాటే కాదు.

అన్నిటికన్న ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఇట్ల అనేటోళ్లు పాత నిఘంటువు ఒక్కసారి తెరిచి చూస్తే బాగుంటది. ‘పుస్తకం’ అని వెతకండి, దొరకదు. 1885ల బహుజనపల్లి సీతారామాచార్యులు కూర్చిన శబ్దరత్నాకరంల అది ‘పుస్తకము’. ‘చెరువు’ కావాల్నంటె బండి ఱ దగ్గరికి పోవాలె. ‘వాడు’ కావాల్నంటె నడుమ అరసున్న పెట్టి వెతుక్కోవాలె. ‘వచ్చిండు’ ఉండది, ‘వచ్చాడు’ కూడ ఉండది, ‘వచ్చు’ ఒక్కటే ఉంటది. మీ పిల్ల చెప్పిన ‘పుస్తకం’ చెల్లుతదట, అవతలి పిల్ల దారిని ‘తొవ్వ’ అంటె చెల్లదట. ఏ లెక్కన?

పాత నిఘంటువులను ఎక్కువగా కావ్యాలు ముందల పెట్టుకొని కూర్చిన్రు. కావ్యంల ఎక్కని మాట వాటిల ఎట్ల ఎక్కుతది? నాగలి పట్టేటోళ్ల మాటలు ఏరడానికి వేరే పూనుకోవాల్సి వచ్చింది. ఊర్లు తిరిగి, రైతుల నోటి నుంచి విని రాసుకున్న వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంల 1962ల వచ్చింది. తర్వాత చేనేత పదాలకు కూడ ఒకటి తెచ్చిన్రు. అంటె, పుస్తకంల లేని తెలుగు ఊర్లల్ల ఉన్నదని పండితులే ఒప్పుకొని బయలెల్లిన్రు. మనం మాత్రం ఫోన్ల యాప్ చూసి, మాట చెల్లదని గంట కొడుతున్నం.

ఇంకో సంగతి, ఇది ఆడినోళ్లకే తెలుస్తది. ఈ ఆటల అందర్నీ ఇరికించే అక్షరం ‘య’. పిల్లలకు తొందరగా నోటికొచ్చేవి కూరగాయలు: వంకాయ, బెండకాయ, బీరకాయ, కాకరకాయ. అన్నీ య దగ్గరనే ఆగుతయి. కొంచెం చదువుకున్న పిల్లలు సమయం, విషయం, ఉదయం, న్యాయం అంటరు. మళ్ల య. జవాబు చెప్పాల్నంటె యంత్రం, యాత్ర, యుద్ధం, యోగం, యజమాని. అన్నీ సంస్కృతం నుంచి వచ్చినవే, పది వరుసలు ఆడేసరికి సంచి ఖాళీ. అచ్చ తెలుగు మాటలు యకారంతోని మొదలుగావని పాత వ్యాకరణమే చెప్పింది మరి.

మన దిక్కు నోళ్లల్ల ఏమున్నది? వేపను యాప అంటం. వేళను యాళ్ల అంటం. ఏడాది యాడాది. మేక, గొర్రె యాట. ఉర్దూ నుంచి వచ్చిన యాది ఉండనే ఉన్నది. పుస్తకం ఒక్కదాన్ని నమ్ముకున్న పిల్ల చేతులెత్తేసిన కాడ, నాయనమ్మ దగ్గర పెరిగిన పిల్ల నాలుగు మాటలు ఎక్కువ చెప్తది. ఆ పిల్లనే మనం ఔట్ అంటున్నం.

ఒక బడిల సెప్టెంబర్ 9న పోటీ పెట్టిన్రు. కవి కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. హన్మకొండల మన నడుమనే బతికి, జనం మాట్లాడేదే భాష అని జీవితమంతా కొట్లాడిన మనిషి పటానికి దండ వేసిన్రు, ఉపన్యాసాలు అయినయి. ఆటల ఆఖరి రౌండ్ల ఒక జట్టు ‘సమయం’ అన్నది. ములుగు దిక్కు నుంచి వచ్చి హాస్టల్ల ఉంటున్న పిల్ల లేచి ‘యాది’ అన్నది. జడ్జి గంట కొట్టిండు. “అది యాస. జ్ఞాపకం అనాలి.” నేను వెనుక వరుసల కూసున్న. జ్ఞాపకం మొదలయ్యేది జ తోని, అడిగింది య. ఆయన చెప్పిన సరైన మాట ఆ ఆటకే పనికిరాదు! హాల్ల ఒక్కరన్న నవ్వలేదు. ఆ పిల్ల తర్వాతి రెండు వంతులూ కింద చూపులు చూసుకుంట నిలబడ్డది. దిగినంక వాళ్ల టీచరమ్మ నాతోని “ఈమెకు పదసంపద తక్కువ సార్” అన్నది. పదసంపద తక్కువ కాదమ్మా, ఉన్న సంపదను మనమే గంట కొట్టి గుంజుకున్నం అన్న. ఆమె బాధపడ్డది, నిజానికి ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెకు కూడ చిన్నప్పుడు ఎవరో గంట కొట్టే ఉంటరు.

మరి ఏ మాటనైనా ఒప్పుకోవాల్నా అంటరు. వద్దు. నేను చేసేది ఇది. మాట మీద అనుమానం వస్తే చెప్పిన పిల్లతోనే దాన్ని పెట్టి ఒక వాక్యం చెప్పిస్త. కల్పించిన మాటైతే అక్కడనే దొరికిపోతది, పిల్లలు అబద్ధపు వాక్యం చెప్పేటప్పుడు నవ్వు ఆపుకోలేరు. తర్వాత ఆ గదిల వేరే ఊరోళ్లు ఎవరికన్న తెలుసా అని అడుగుత. ఒక్కరు చెయ్యెత్తినా చాలు. ఎవరికీ తెల్వకపోతే ఇంటికి ఫోన్. ఒకసారి ‘జాగ’ మీద ఒక పిల్లగాడు ‘గెట్టు’ అన్నడు. అవతల పట్నం పిల్లలు గట్టు అనాలని లొల్లి పెట్టిన్రు. వాళ్ల నాయనమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టిన. “గెట్టంటె తెల్వదా? రెండు పొలాల నడుమ ఉండేది! గెట్ల కాడ తలకాయలు పగలగొట్టుకుంటున్నరు జనం, మీకు తెల్వదా సారూ?” అని నన్నే అందుకున్నది. పాయింట్ ఇచ్చిన.

“ఇట్ల అలవాటైతే పరీక్షల ఇవే రాస్తరేమో” అని కొందరు తల్లులు నిజంగనే భయపడుతరు. ఆ భయాన్ని నేను తీసిపారెయ్య. కానీ పరీక్షల పాఠం భాష రాయాలె, ఆటల ఇంటి మాట చెల్లుతది అని ఒక్కసారి చెప్తె పిల్లలకు అర్థమైతది. ఇంట్ల బాపుతోని ఒక తీరు, బడిల సార్‌తోని ఒక తీరు వాళ్లు రోజూ మాట్లాడుతనే ఉన్నరు.

మిగిలినయి తొందరగా చెప్పేస్త.

అపోహ: వేరే భాష నుంచి వచ్చిన మాటలు చెల్లవు. ‘దవాఖాన’ ఉర్దూ అని కొట్టేసే పెద్దమనిషి కుర్చీల కూసొని, కాగితం మీద మార్కులు వేస్తడు. కుర్చీ, కాగితం ఎక్కడివి మరి? బస్సు, బస్సులు, బస్సుకు అని మన విభక్తులు తగిలించుకున్నదంటె అది మన మాటే.

అపోహ: ‘వీణ’ అంటె ఆట గెలిచినట్టే. ణ, ళ తోని తెలుగు మాటలు మొదలుగావు, నిజమే. అందుకే ణకు న, ళకు ల తీసుకోవాల్నని ముందే మాట్లాడుకోవాలె. నడుమ మాట్లాడుకుంటె కొట్లాటే.

అపోహ: ‘పుస్తకం’ తర్వాత మ రావాలె. క అన్నా తప్పు లేదు, పుస్తకము అనుకొని మ అన్నా తప్పు లేదు. ఏదో ఒకటి పట్టుకొని ఆఖరు దాక ఉండండి. ‘చెట్టు’కు టు తోనే కావాల్నని పట్టుబడితే ఆట ఆన్నే చస్తది. గుణింతం వదిలి ట అనుకుంటె టోపీ, టెంకాయ, టపా వస్తయి.

అచ్చులతోని మొదలయ్యే మాటలు, అంగి, ఇల్లు, ఊరు లాంటివి, నడుమ ఎందుకు రావు సార్ అని ఒక పాప అడిగింది. మంచి ప్రశ్న. మన మాటల చివర అచ్చు విడిగ నిలబడదు, హల్లుతోని కలిసే ఉంటది. అందుకే అవి మొదటి మాటకే పనికొస్తయి. చిన్నపిల్లలతోని ఆడేటప్పుడు యకు ఏ, ఎ కూడ ఒప్పుకోండి, ఏనుగన్న వస్తది.

బహువచనాలు వద్దు, అన్నీ లు దగ్గరికే వచ్చి ఆగుతయి. ఊర్ల పేర్లు కూడ వద్దు. పేట, పల్లి, పురం, ఈ మూడింటి చుట్టే తిరుగుతది ఆట. వరంగల్ అంటె ఆ పొల్లు ల్ మీద ఇంకో అర్ధగంట లొల్లి.