అంబులెన్సుకి గ్రీన్ లైటు: అపోహలు - వాస్తవాలు

ట్రాఫిక్ సిగ్నళ్ల టైమింగ్ చూడటం నా పని. ఆ మాట చెప్పగానే చాలామంది అడిగేది ఒకటే: "అంబులెన్సు వస్తే సిగ్నల్ దానంతట అదే గ్రీన్ అవ్వదా అండీ?" ఆ ఏర్పాటు ఉన్నచోట అవుతుంది. మేము దాన్ని హరీ కాల్ అంటాం. అది లేని జంక్షన్లలో కానిస్టేబుల్ సిగ్నల్‌ని నడిపే కంట్రోలర్ పెట్టె తెరిచి, మాన్యువల్‌లో పెట్టి దారి ఇస్తారు.

అపోహ: అంబులెన్సు జంక్షన్ దగ్గరికి వచ్చాక గ్రీన్ ఇస్తే చాలు.

వాస్తవం: చాలదు. అంబులెన్సుని ఆపేది రెడ్ లైటు కంటే దాని ముందు నిలబడ్డ బండ్లే. గ్రీన్ పడ్డాక ఒక వరుసలోని కార్లు సుమారు 2 సెకన్లకు ఒకటి చొప్పున స్టాప్ లైన్ దాటుతాయి. వరుసలో 20 కార్లుంటే దారి ఖాళీ అయ్యేసరికి 40 సెకన్లు దాటిపోతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే అంబులెన్సు ఆలోపు దాదాపు 450 మీటర్లు వచ్చేస్తుంది. అంటే అది అర కిలోమీటరు అవతల ఉండగానే సిగ్నల్‌కి కబురు అందాలి. మలుపు తిరిగాక కనిపించే బండిని పసిగట్టే పరికరం కంటే, జీపీఎస్‌తో ముందే చెప్పే పద్ధతి మేలని నేను పట్టుబట్టేది ఇందుకే.

కబురు అందిన మరుక్షణం గ్రీన్ ఇవ్వలేం కూడా. అడ్డరోడ్డుకి ఎల్లో పడాలి, ఆ తర్వాత కాసేపు అన్నివైపులా రెడ్ ఉండాలి. వీటిని కుదించకూడదు. అప్పటికే రోడ్డు దాటుతున్నవాళ్ల టైమునీ కుదించకూడదు. 14 మీటర్ల రోడ్డు దాటడానికి మామూలు నడకతో 12 సెకన్లు పడుతుంది. చేతికర్రతో దాటే పెద్దావిడకి ఇంకా ఎక్కువే. ఒకరిని కాపాడబోయి ఇంకొకరిని బండి కింద పడేయలేం కదా.

అపోహ: హెడ్‌లైట్లు టపటపా కొడితే సిగ్నల్ మారుతుంది.

వాస్తవం: మారదు. అమెరికాలో 1960ల నుంచి ఒక పద్ధతి వాడుతున్నారు: అంబులెన్సు మీద టపటపా మెరిసే స్ట్రోబ్ లైటుని సిగ్నల్ దగ్గరి పరికరం గుర్తుపడుతుంది. ఆ లైటు సెకనుకి సుమారు 14 సార్లు వెలిగి ఆరుతుంది. అది చేత్తో కొట్టే వేగం కాదు.

అపోహ: అంబులెన్సు వెళ్లిపోతే సిగ్నల్ పని అయిపోయినట్టే.

వాస్తవం: అది వెళ్లిపోయిందని సిగ్నల్‌కి తెలియాలి. ఒకసారి టెస్టింగ్‌లో నేను కంట్రోలర్ పెట్టె పక్కనే నిలబడి ఉన్నాను. అంబులెన్సు జంక్షన్‌కి రాకుండానే పక్కనున్న ఆసుపత్రి గేటులోకి తిరిగిపోయింది. సిగ్నల్ మాత్రం ఖాళీ రోడ్డుకి గ్రీన్ ఇస్తూనే ఉంది. అడ్డరోడ్డులో పిల్లలతో నిండిన స్కూల్ ఆటో. డ్రైవర్ ఇంజిన్ ఆపాడు, మళ్లీ స్టార్ట్ చేశాడు, మళ్లీ ఆపాడు. చివరికి మేమే చేత్తో మార్చాం. హరీ కాల్ గరిష్ఠంగా ఎంతసేపు ఉండాలో ఆ రోజే ఆ కంట్రోలర్‌లో పెట్టేశాం. పెట్టకుండా టెస్టింగ్‌కి దిగడం మా తప్పే.

అపోహ: గ్రీన్ ఛానెల్ అన్నా ఇదే.

వాస్తవం: వేరు. అవయవాల తరలింపు కోసం పోలీసులు మనుషుల్ని నిలబెట్టి దారంతా ఖాళీగా ఉంచేది గ్రీన్ ఛానెల్. రోడ్డు మీదే కాదు, 2025 జనవరిలో హైదరాబాద్‌లో ఒక గుండెను ఎల్బీ నగర్ నుంచి లక్డీకాపూల్‌కి మెట్రోలో 13 నిమిషాల్లో చేర్చారు. ఇలాంటివి ముందే తెలిసిన ప్రయాణాలు. 108కి వచ్చే కాల్ అలా చెప్పి రాదు.

అపోహ: రెడ్‌లో ఉన్నాను కాబట్టి వెనక సైరన్ మోగినా కదలక్కర్లేదు.

వాస్తవం: జంక్షన్‌లోకి దూకేయమని ఎవరూ అనరు. ఉన్నచోటే ఎడమకి జరగండి, పక్కబండి కూడా జరగడానికి సందివ్వండి. దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టం 194ఈ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

ఇక అంబులెన్సు వెనకాలే బైకు తోలుకుపోయేవాళ్లకు ఒక మాట. అది జంక్షన్ దాటగానే హరీ కాల్ ముగుస్తుంది, ఎల్లో పడుతుంది. అప్పటికి మీరు జంక్షన్ మధ్యలో ఉంటారు. ఇంతసేపూ రెడ్‌లో ఆగిన అడ్డరోడ్డు బండ్లు అప్పుడే కదులుతాయి.