ఫోటోలో ఎర్ర చేప ఎందుకు బూడిదరంగైంది?

చిన్నీకి, మిగతా పిల్లలందరికీ,

స్కూబా డైవింగ్‌కి వెళ్లిన బాబాయి చిన్న కాంపాక్ట్ కెమెరాతో తీసిన ఫోటోలు చూసి చిన్నీ నన్ను అడిగింది: "తాతయ్యా, ఆ చేప ఎర్రగా ఉందన్నాడు బాబాయి. ఇందులో బూడిదరంగులో ఉందేంటి? కెమెరా పాడైందా?" కెమెరా బాగానే ఉందమ్మా. ఎరుపే దారిలో ఆగిపోయింది.

సూర్యుడి వెలుతురులో రంగులన్నీ కలిసే ఉంటాయి. అవి నీళ్లలోకి నడకకు బయలుదేరిన అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు అనుకోండి. అందరికంటే ముందు ఎరుపు అలిసిపోతుంది. అయిదు మీటర్లు దిగేసరికే చాలావరకు చతికిలబడుతుంది. ఆ తర్వాత నారింజ, ఇంకా కిందకి పోతే పసుపు. నీలం మాత్రం గట్టి పిండం, నడుస్తూనే ఉంటుంది. అందుకే లోతుకు వెళ్లేకొద్దీ అంతా నీలమే. ఈ నడక కిందకి మాత్రమే కాదు సుమా. వెలుతురు పైనుంచి చేప దాకా రావాలి, అక్కడినుంచి మళ్లీ కెమెరా దాకా రావాలి. ఫ్లాష్ వేశామంటే, అప్పుడే నిద్రలేచిన ఎరుపును చేపకు దగ్గర్లో ఉన్న కెమెరా నుంచే బయలుదేరదీసినట్టు. అర మీటరు పోయి అర మీటరు తిరిగి రావడం దానికి ఒక లెక్క కాదు. అదే మూడు మీటర్లు పంపితే, పోను మూడు, రాను మూడు, పాపం తిరిగి ఇల్లు చేరదు.

అందుకని చిన్న కెమెరా పట్టుకున్నవాళ్లు నేర్చుకోవాల్సింది ఒకటే: దగ్గరికి వెళ్లాలి. చెయ్యి చాపితే అందేంత దగ్గరికి. జూమ్ చేస్తే చేప పెద్దదవుతుంది గానీ మధ్యలో నీళ్లు తగ్గవు కదా! ఫ్లాష్ వద్దనుకుంటే, ఆ లోతులోనే ఒక తెల్ల పలకను కెమెరాకు చూపించి వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపంటే ఇదీ అని కెమెరాకు చెప్పే అమరిక, సెట్ చేసుకోవాలి. లోతు మారితే మళ్లీ చెయ్యాలి.

1926లో ఫ్లోరిడా దగ్గరి డ్రై టార్టుగస్ దీవుల్లో విలియం లాంగ్లీ అనే శాస్త్రవేత్త, చార్లెస్ మార్టిన్ అనే ఫోటోగ్రాఫర్ కలిసి సముద్రం లోపల మొట్టమొదటి రంగుల ఫోటోలు తీశారు. వెలుతురు చాలక, నీటిమీద తేలే తెప్పపై మెగ్నీషియం పొడి పేల్చారట. మీ అరచేతిలో ఇమిడే ఫ్లాష్ వెనక అంత సాహసం ఉంది.

నా చిన్నప్పుడు మేము బావిలో నాణెం వేసి, మునిగి తీసుకొచ్చేవాళ్లం. గట్టుమీంచి చూస్తే అది ఇదిగో ఇక్కడే ఉన్నట్టుండేది. దూకాక ఊపిరి బిగబట్టి కిందకి, ఇంకా కిందకి... చెవులు నొప్పెట్టేవి, నాణెం మాత్రం అందేది కాదు. నీళ్లు కళ్లను అలా నమ్మిస్తాయి. డైవింగ్ మాస్కులోంచి చూసినా అంతే. మీటరు దూరంలోని చేప ముప్పావు మీటరులోనే ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే చాలా దగ్గరికి వచ్చామనిపించాక కూడా ఇంకాస్త ముందుకు వెళ్లాలి. పైనుంచి కాకుండా, చేప కంటికి సమంగా దిగి తీస్తే దాని ముఖం కనిపిస్తుంది.

కెమెరా తడవకుండా దాన్ని పెట్టే పెట్టెను హౌసింగ్ అంటారు. దాని మూత అంచున సన్నటి రబ్బరు రింగు ఉంటుంది, ఓ-రింగ్ అంటారు. దానిమీద ఒక్క తలవెంట్రుక అడ్డం పడినా చాలు, నీళ్లు దారి చేసుకుంటాయి. ముప్పై మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి నాలుగింతలు మరి. వెలుతురులో తిప్పి చూసి, వేలికొనతో తడిమి, శుభ్రంగా తుడిచాకే మూత వెయ్యాలి. కొత్త హౌసింగైతే కెమెరా బదులు టిష్యూ కాగితం పెట్టి నీళ్లలో ముంచి చూడాలి. డైవింగ్ అయ్యాక మంచినీళ్లలో కాసేపు నానబెట్టాలి. ఉప్పు ఎండితే బటన్లు బిగుసుకుపోతాయి.

మీరు పెద్దయ్యాక డైవింగ్ నేర్చుకుంటే నాకోసం రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. ఫోటో కదలకూడదని ఊపిరి బిగబట్టకండి. అలా పైకి తేలారంటే ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచించి ప్రాణం మీదికి వస్తుంది. నీళ్లలో నిలకడగా తేలడం బాగా వచ్చేదాకా కెమెరా ఒడ్డునే ఉండాలి. రెండోది, ఫోటో కోసం పగడాన్ని పట్టుకోకండి, దానిమీద మోకాలు ఆనించకండి. అది రాయిలా కనిపించే ప్రాణి. చాలా పగడాలు ఏడాదికి ఒకట్రెండు సెంటీమీటర్లకు మించి పెరగవు.

చిన్నీ, ఒక ఫోటోలో మంచు కురిసినట్టు తెల్ల చుక్కలున్నాయన్నావు. నీళ్లలోని నలుసుల మీద ఫ్లాష్ పడి నేరుగా లెన్స్‌లోకి తిరిగొచ్చింది. లైటును కెమెరాకు దూరంగా, పక్కకు పెడితే చాలా తగ్గుతాయి. దీనికి సముద్రం దాకా పోనక్కర్లేదు. రాత్రి వాన పడుతున్నప్పుడు గుమ్మంలో నిలబడి ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తియ్యండి. తర్వాత ఫ్లాష్ ఆపేసి, ఇంకొకరిని పక్కకు దూరంగా నిలబెట్టి టార్చి వేయించి మరొకటి తియ్యండి. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, చినుకులు ఎందులో ఎలా పడ్డాయో నాకు రాయండి.

మీ తాతయ్య