క్లబ్ ఆటగాడిని డబ్బు అడగదు: ఆఫ్రికా ఫుట్‌బాలర్ల గురించి అపోహలు - వాస్తవాలు

ఫుట్‌బాల్ క్లబ్బుల్లో విదేశీ ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ చూడటం నా ఉద్యోగం. కాంట్రాక్టు కాగితాలు, వీసాలు, టీఎంఎస్‌లో (ఆటగాళ్ల బదిలీలు నమోదు చేసే ఫిఫా ఆన్‌లైన్ వ్యవస్థ) ఎంట్రీలు, పాత దేశం నుంచి ఐటీసీ (ఆటగాడి అంతర్జాతీయ బదిలీ సర్టిఫికెట్) తెప్పించడం, రోజంతా ఇదే పని. హైదరాబాద్‌లో చదువుకునే ఘనా, నైజీరియా విద్యార్థులు కొందరికి ఈ సంగతి తెలుసు. ట్రాన్స్‌ఫర్ విండో, అంటే క్లబ్బులు కొత్త ఆటగాళ్లను తీసుకునే గడువు, దగ్గర పడుతోందంటే చాలు, నా వాట్సాప్‌కు ఉత్తరాల ఫొటోలు వచ్చి పడుతుంటాయి. మా తమ్ముడికి యూరప్ క్లబ్ నుంచి పిలుపు వచ్చింది, నిజమో కాదో చెప్పండి సర్ అని.

అపోహ: ట్రయల్స్‌కు పిలుపు వచ్చింది, ఫీజు కడితే కాంట్రాక్టు ఖాయం

ఆ ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో ఉంటాయి. పైన క్లబ్ లోగో, కింద గుండ్రటి నీలం ముద్ర, మధ్యలో కళ్లు తిరిగే నెల జీతం. చివరి పేరాలో "వీసా ప్రాసెసింగ్, మెడికల్ ఖర్చుల కోసం" ఇంత పంపాలని ఉంటుంది. ఈమెయిల్ మాత్రం క్లబ్ డొమైన్‌ది కాదు, ఎవరైనా తెరుచుకోగలిగే జీమెయిల్. ఈమధ్య వచ్చిన ఒకదానిలో క్లబ్ పేరు లోగోలో ఒకలా, ఉత్తరంలో మరోలా ఉంది.

నిజంగా ఆటగాడు కావలసిన క్లబ్ తన జేబులోంచే ఖర్చు పెడుతుంది. టీఎంఎస్‌లో కాంట్రాక్టు ఎక్కించాలి, ఆటగాడి గుర్తింపు పత్రాలు ఎక్కించాలి, పాత దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య నుంచి ఐటీసీ రావాలి. ఈ మొత్తం వ్యవహారంలో ఆటగాడు ముందుగా ఎవరికో డబ్బు పంపే మెట్టే లేదు. ఏజెంట్ వాటా కాంట్రాక్టు కుదిరాక, వచ్చే జీతంలోంచి పోతుంది. ఏజెంట్‌కు ఫిఫా లైసెన్సు తప్పనిసరి. 2023లో పరీక్ష కూడా మళ్లీ పెట్టారు. లైసెన్సు ఉన్నవాళ్ల పేర్లు ఫిఫా వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. పేరు కనిపించకపోతే మాటలు అక్కడే ఆపేయండి.

నాకు తెలిసిన ఒక విద్యార్థి వాళ్ల నాన్న ఘనాలోని కుమాసీలో టాక్సీ నడిపేవాడు. చిన్నకొడుకు ట్రయల్స్ కోసం ఆ బండి అమ్మేశాడు. పిల్లవాడు ఇస్తాంబుల్‌లో దిగాడు. ఎదురొచ్చిన మనిషి పాస్‌పోర్ట్ తీసుకుని, లాడ్జి గదిలో దింపి, మర్నాటి నుంచి ఫోన్ ఎత్తలేదు. ఆ తండ్రితో నేను మాట్లాడినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే: "ఇంకొంచెం కడితే తీసుకుంటారేమో కదా?" ఆయన్ను తెలివితక్కువవాడు అనడానికి నాకు నోరు రాదు. సెనెగల్‌లోని బంబాలి అనే పల్లెలో పుట్టిన సాడియో మానే ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్ దాకా వెళ్లడం ఆయన టీవీలో చూశాడు. మానే వెళ్లిన దారి మాత్రం ఎవరూ ఆయనకు చెప్పలేదు.

మానే ఏ ఉత్తరమూ పట్టుకుని బయల్దేరలేదు. సెనెగల్ రాజధాని డకార్‌లోని జెనెరాసియోన్ ఫుట్ అకాడమీలో పెరిగాడు. ఆ అకాడమీకి ఫ్రాన్స్‌లోని మెట్స్ క్లబ్‌తో ఒప్పందం ఉంది. 19 ఏళ్ల వయసులో ఆ ఒప్పందం మీదే మెట్స్‌కు వెళ్లాడు. ఘనాలో రైట్ టు డ్రీమ్ అకాడమీది కూడా ఇలాంటి ఏర్పాటే. అక్కడినుంచి డెన్మార్క్‌లోని నోర్షెలాండ్ క్లబ్‌కు దారి ఉంది, ఘనా ఆటగాడు మొహమ్మద్ కుదుస్ వెళ్లింది ఆ దారినే. సొంత ఊళ్లో సమాఖ్యలో రిజిస్టర్ అయిన క్లబ్‌లో ఆడితే ఆటగాడి పేరు రికార్డులో ఉంటుంది. రేపు అతను పెద్ద క్లబ్‌కు అమ్ముడుపోతే, 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు ఆ సొమ్ములో 5 శాతం దాకా పంచాలి. కాబట్టి ఊరి క్లబ్‌కు కూడా అతను పైకి రావాలనే ఉంటుంది.

ఇక 15 ఏళ్ల పిల్లల సంగతి. 18 నిండని ఆటగాడిని దేశం దాటించి రిజిస్టర్ చేయడాన్ని ఫిఫా ఆర్టికల్ 19 నిషేధిస్తుంది. తల్లిదండ్రులు వేరే కారణంతో ఆ దేశానికి మారడం, యూరోపియన్ యూనియన్ లోపల 16 దాటినవాళ్లు మారడం లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. ఘనా రాజధాని అక్రా నుంచి ఒంటరిగా బయల్దేరే పిల్లవాడికి అవి వర్తించవు. ఈ నియమం మీరినందుకే 2014లో బార్సిలోనా అంతటి క్లబ్‌కు రెండు విండోల పాటు కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. అలాంటిది మీ ఇంటికొచ్చిన ఏజెంట్ "నేను మేనేజ్ చేస్తా" అంటే ఎలా నమ్ముతారు? 2015లో లైబీరియా పిల్లలను అకాడమీ పేరుతో లావోస్ దాకా తీసుకెళ్లిన సంగతి బయటపడింది. పారిస్‌లో ఇలా మోసపోయిన కుర్రాళ్ల కోసమే కామెరూన్ మాజీ ఆటగాడు జాన్ క్లోడ్ మ్‌బువుమాన్ ఒక సంస్థ పెట్టాల్సి వచ్చింది.

అపోహ: ఆఫ్రికా ఆటగాళ్లంతా వయసు దాస్తారు

ఈ మాట వింటే నాకు చిరాకు. పల్లెల్లో పుట్టిన తేదీ ఆలస్యంగా నమోదు కావడం మన దగ్గరా ఉన్నదే. మోసాలు జరగలేదని అనను, అందుకే 2009 అండర్-17 ప్రపంచకప్ నుంచి మణికట్టుకు ఎంఆర్ఐ తీస్తున్నారు. ఎముక చివర పూర్తిగా అతుక్కుపోతే 17 దాటినట్టు లెక్క. అంతకుమించి అది వయసు చెప్పలేదు. 2014లో ఇటలీ క్లబ్ లాజియోలో ఆడే కామెరూన్ కుర్రాడు జోసెఫ్ మినాలాకు నలభై పైనే అని ఎవరో పుట్టించారు, ప్రపంచమంతా నవ్వింది. ఇటలీ సమాఖ్య విచారించి తప్పేమీ లేదని తేల్చింది. ఆ వార్త ఎందరు ఫార్వర్డ్ చేశారు?

అపోహ: 30 దాటితే పనైపోయినట్టే

హైదరాబాద్ ఎఫ్‌సీని చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. 17 ఏళ్లకే 2002 ప్రపంచకప్ ఆడిన నైజీరియా ఆటగాడు బార్తొలోమ్యూ ఒగ్బెచే, 2021-22 ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ తరఫున 37 ఏళ్ల వయసులో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ (అత్యధిక గోల్స్ బహుమతి) తీసుకున్నాడు. ఆ ఏడాది మనకు కప్పు కూడా వచ్చింది.

అపోహ: గుండె లోపం బయటపడితే ఆట ముగిసినట్టే, పరీక్ష ఎందుకు?

2003లో కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయే మైదానంలోనే కూలి చనిపోయాడు, అది అందరికీ గుర్తే. కానీ 1996లో గుండె కవాటం లోపం బయటపడిన నైజీరియా ఆటగాడు న్వాంకో కాను ఆపరేషన్ చేయించుకుని, ఆర్సెనల్‌కు ఆడి, 2010 ప్రపంచకప్‌లోనూ దిగాడు. పరీక్ష చేయించండి.

అపోహ: జీతం ఎగ్గొడితే పరాయి దేశంలో చేసేదేమీ లేదు

చాలామంది టెన్షన్‌తో నోరు మెదపరు. రెండు నెలల జీతం ఆగితే, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి 15 రోజులు గడువు ఇవ్వాలి. అప్పటికీ చెల్లించకపోతే తప్పు క్లబ్‌దే అని కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. ఇలాంటి గొడవలు విచారించే ఫిఫా ట్రైబ్యునల్‌లో ఆటగాడికి ఫీజు లేదు, కానీ రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. కేరళలో మ్యాచ్‌కింత అని ఆడే సెవెన్స్ (జట్టుకు ఏడుగురు) టోర్నీలకు మాత్రం ఈ రక్షణ దొరకదు. వాటికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య గుర్తింపు లేదు. అక్కడికి వెళ్లేవాళ్లు సంతకం చేసిన కాగితం లేకుండా విమానం ఎక్కవద్దు, దిగాక పాస్‌పోర్ట్ ఎవరి చేతికీ ఇవ్వవద్దు.