ఫోన్ రిపేరు బల్ల దగ్గర రోజూ వినే మాటలు: అపోహలు - వాస్తవాలు

బెజవాడలో మొబైల్ రిపేరు దుకాణం పెట్టి పదహారేళ్లు దాటింది. ఫోను బల్ల మీద పెట్టేవాళ్లలో చాలామంది ముందు దాన్ని తయారుచేసిన కంపెనీని నాలుగు మాటలు అని, ఆ తరువాతే అసలు సమస్య చెబుతారు. ఆ కోపంలో న్యాయం ఉంది. కాని అది తగలవలసిన చోట తగలడం లేదన్నది నా బాధ. కంపెనీ చేయని పనికి దాన్ని నిందిస్తూ, నిజంగా చేసిన పనిని మాత్రం చూసీచూడనట్టు వదిలేస్తున్నాం. అందుకే నేను తరచుగా వినే కొన్ని మాటలను ఇక్కడ విడమరచి రాస్తున్నాను.

అపోహ: కొత్త మోడల్ అమ్ముకోవడానికి కంపెనీలు అప్‌డేట్ పంపి పాత ఫోన్లను కావాలనే పాడుచేస్తాయి.

కిందటి వేసవిలో ఒక రిటైర్డ్ మాస్టారు నాలుగేళ్ల నాటి ఫోను తెచ్చారు. "అప్‌డేట్ చేసిన దగ్గర్నుంచి ముప్పై శాతం చార్జింగ్ ఉండగానే ఆగిపోతోందయ్యా. కొత్తది కొనిపించడానికే ఇదంతా" అన్నారు. వెనుక మూత వేడిచేసి విప్పి, బ్యాటరీ కనెక్టర్ దగ్గర మీటరు పెట్టి, ఆయన్ని దగ్గరకు పిలిచి చూపించాను. ఫోను ఊరికే ఉన్నంతసేపు 3.7 వోల్టులు చూపించింది. కెమెరా తెరిచి ఫ్లాష్ వెలిగించగానే అంకె గబుక్కున 3.2కు పడిపోయింది, ఆ వెంటనే ఫోను ఆరిపోయింది. బ్యాటరీలో చార్జి ఉంది, కాని అడిగినంత కరెంటును అడిగిన క్షణంలో ఇచ్చే శక్తి దానికి లేదు. మిద్దె మీద ట్యాంకులో సగం నీళ్లున్నా పైపులో గార పేరుకుపోతే రెండు కుళాయిలు ఒకేసారి తిప్పినప్పుడు ధార సన్నబడుతుంది కదా, ముసలిదైన లిథియం బ్యాటరీ లోపల పెరిగే నిరోధం చేసే పని కూడా అలాంటిదే. బ్యాటరీ మార్చాక మాస్టారి ఫోను మామూలుగా పనిచేసింది. అప్‌డేట్ అయిన ఒకటి రెండు రోజులు ఫోను లోపల ఫైళ్లను, యాప్‌లను మళ్లీ సర్దుకుంటూ ఎక్కువ శ్రమపడుతుంది కాబట్టి, అప్పటికే నీరసించిన బ్యాటరీ సరిగ్గా ఆ సమయంలోనే బయటపడుతుంది. నింద అప్‌డేట్ మీదికి పోతుంది.

అయితే ఈ అపోహ గాలిలోంచి పుట్టింది కాదు. 2017 జనవరిలో ఆపిల్, ఐఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన ఐఓఎస్‌కు 10.2.1 అనే అప్‌డేట్ ఇచ్చింది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు ఉన్నట్టుండి ఆరిపోకుండా, వాటి ప్రాసెసర్ వేగాన్ని అవసరమైనప్పుడు తగ్గించే ఏర్పాటు అందులో ఉంది. సాంకేతికంగా ఆలోచిస్తే అది అర్థంలేని పని కాదు. కాని ఫోను మందగించడానికి కారణం బ్యాటరీయేనని, దాన్ని మారిస్తే సరిపోతుందని వాడేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పలేదు. ఆ ఏడాది డిసెంబరులో విషయం బయటపడ్డాక కంపెనీ క్షమాపణ చెప్పి, అమెరికాలో 79 డాలర్లున్న బ్యాటరీ మార్పిడి ధరను 29 డాలర్లకు తగ్గించింది. 2020లో ఫ్రాన్స్ రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. అంతకుముందే, 2018లో, ఇటలీలోని పోటీ నియంత్రణ సంస్థ పాత ఫోన్లకు భారమైన అప్‌డేట్ల విషయంలో ఆపిల్‌తో పాటు శాంసంగ్‌కు కూడా జరిమానా విధించింది. నా దృష్టిలో అక్కడ జరిగిన అసలు అన్యాయం వేగం తగ్గించడం కాదు, కారణం దాచడం. బ్యాటరీ మార్చుకుంటే సరిపోయే మనిషి, ఆ సంగతి తెలియక కొత్త ఫోనుకు డబ్బు పోసి ఉంటాడు.

మన ప్రాంతానికి సంబంధించిన మాట కూడా ఒకటి చెప్పాలి. ఈ బ్యాటరీలకు వేడికి మించిన శత్రువు లేదు. చాలా ఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడాలని వాటి తయారీదారులే రాస్తారు, మన కృష్ణా, గుంటూరు ఎండలు మే నెలలో దాన్ని సులువుగా దాటిపోతాయి. బైకు హ్యాండిల్‌కు ఫోను బిగించి, మ్యాప్ తెరిచి, చార్జింగ్ పెట్టి, మధ్యాహ్నమంతా ఎండలో తిరిగే డెలివరీ కుర్రాళ్ల ఫోన్లలో బ్యాటరీ ఉబ్బి డిస్‌ప్లేను పైకి నెట్టేసినవి నా దగ్గరకు ప్రతి వేసవిలోనూ వస్తాయి. వాళ్ల బతుకుతెరువు ఆ ఫోను మీదే ఉంది కాబట్టి వాడొద్దని చెప్పలేను, కనీసం ఎండలో ఉన్నంతసేపు చార్జింగ్ తీసేయమని మాత్రం బతిమాలుతుంటాను. రాత్రంతా చార్జింగ్‌లో ఉంచితే ఫోను పేలుతుందన్న భయానికి మాత్రం పెద్దగా ఆధారం లేదు. నిండగానే చార్జింగ్ ఆపే సర్క్యూట్ ఫోనులోనే ఉంటుంది. తలగడ కింద పెట్టకుండా గాలి తగిలే చోట పెడితే చాలు.

అపోహ: ఫోను ఎప్పుడూ మన మాటలు వింటూనే ఉంటుంది, అందుకే మాట్లాడిన వస్తువుల ప్రకటనలు వస్తాయి.

"కుక్కర్ పాడైందని మా ఆయనతో అన్నానంతే అన్నయ్యా, సాయంత్రానికి ఫోనులో కుక్కర్లు వచ్చేశాయి" అని మా వీధిలో ఉండే ఒక చెల్లెమ్మ నిజంగానే భయపడుతూ చెప్పింది. ఆమె భయాన్ని నేను కొట్టిపారేయలేదు. కాని 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 17,000కు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించినప్పుడు, చడీచప్పుడు లేకుండా మైకు ఆన్ చేసి మాటలు పంపే యాప్ ఒక్కటీ దొరకలేదు. కొన్ని యాప్‌లు తెర మీద మనం చేసే పనులను వీడియోగా తీసి బయటకు పంపడం మాత్రం వాళ్ల కంటపడింది. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు మన మాటలు వినవలసిన అవసరం దాదాపు లేదు. మనం ఏం వెతికామో, ఎక్కడ తిరిగామో, ఇంట్లో అదే వైఫై వాడే మరొకరు ఏం చూశారో తెలిస్తే చాలు. ఆ చెల్లెమ్మ భర్త ఆ మధ్యాహ్నమే తన ఫోనులో కుక్కర్ ధరలు చూశాడని తరువాత తేలింది.

మన మాట విని పని చేసిపెట్టే వాయిస్ అసిస్టెంట్ల సంగతి వేరు, అక్కడ ప్రజల అనుమానం చాలావరకు నిజమైంది. "హే సిరి", "ఓకే గూగుల్" వంటి పిలుపు కోసం ఫోనులోనే తక్కువ విద్యుత్తుతో పనిచేసే ఒక చిన్న భాగం కాచుకుని ఉంటుంది, ఆ పిలుపు వినిపించిందనుకున్నప్పుడే రికార్డింగ్ మొదలవుతుంది. చిక్కంతా ఆ "అనుకోవడం" దగ్గరే ఉంది. ఎవరూ పిలవకపోయినా పిలిచారనుకుని అది మేల్కొంటుంది. అలా పొరపాటున రికార్డయిన ఇంటి మాటలతో సహా కొన్ని ముక్కలను నాణ్యత పరీక్ష పేరుతో మనుషులే కూర్చుని విన్నారని 2019లో అమెజాన్, గూగుల్, ఆపిల్ మూడింటి విషయంలోనూ వార్తలు వచ్చాయి. ఆపిల్ ఆ పని ఆపి, మనం ఒప్పుకుంటేనే వినేలా మార్చింది. సిరి మీద అమెరికాలో నడిచిన దావాలో తప్పు ఒప్పుకోకుండానే 9.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. ఇక 2025 మార్చిలో అమెజాన్, మాటతో పనిచేసే తన ఎకో స్పీకర్లలో కొన్నిటికి ఉన్న, రికార్డింగ్‌ను బయటకు పంపకుండా పరికరంలోనే ఉంచే సదుపాయాన్ని తీసేసింది. కొన్నప్పుడు ఉన్న సదుపాయాన్ని కొన్న తరువాత లాగేసుకోవడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. కోపం రావలసింది ఇలాంటి చోట.

మీరు చేయగలిగింది కొంత ఉంది. ఆండ్రాయిడ్ 12 నుంచి మైకు వాడుతున్నప్పుడు తెర పైన మూలలో ఆకుపచ్చ గుర్తు, ఐఓఎస్ 14 నుంచి నారింజ చుక్క కనబడతాయి. పనిలేని యాప్‌కు ఆ గుర్తు వెలిగితే సెట్టింగ్స్‌లో దాని మైకు అనుమతి తీసేయండి. వాయిస్ అసలే వద్దని మాత్రం అనను. గూగుల్ వాయిస్ టైపింగ్‌కు 2017 నుంచి తెలుగు వచ్చు. చూపు మందగించిన పెద్దవాళ్లకు కీబోర్డులో తెలుగు భాష చేర్చి ఇస్తే, వాళ్లు నోటితో చెప్పి మెసేజ్ పంపుకుంటుంటే చూడటం చాలా సంతోషంగా ఉంటుంది.

అపోహ: వాటర్‌ప్రూఫ్ ఫోను తడిసినా ఏమీ కాదు, అయినా బియ్యంలో పెడితే సరి.

ఫోను నీటిని, దుమ్మును ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ68 అనే గుర్తు ప్రయోగశాలలో, కదలని మంచినీటిలో, కొత్త ఫోను మీద చేసిన పరీక్ష. విశాఖ బీచ్‌లోని ఉప్పునీటికి, రెండేళ్ల వాడకంలో జిగురు సడలిన ఫోనుకు అది వర్తించదు. పైగా ప్రకటనలో నీళ్లు చల్లి చూపించే కంపెనీలు, నీరు చేరితే వారంటీ ఉండదని చిన్న అక్షరాల్లో రాస్తాయి. ఇటలీ 2020లో ఆపిల్‌కు కోటి యూరోల జరిమానా వేసిన కారణాల్లో ఇదీ ఒకటి. బియ్యం తడిని లోపలి నుంచి లాగదు సరికదా, దాని పొడి చార్జింగ్ జాక్‌లో చేరుతుంది. తడిసిన ఫోనును వెంటనే ఆపేసి, చార్జింగ్ పెట్టకుండా, అదే రోజు రిపేరుకు తీసుకురండి. బోర్డు మీద తుప్పు పట్టడానికి ఎక్కువ సమయం పట్టదు.

అపోహ: పార్టు మార్చాక "గుర్తించలేని పార్టు" అని వస్తే మెకానిక్ నకిలీది వేసినట్టే.

మా వృత్తిలో ఉన్నవాళ్ల మర్యాదకు సంబంధించిన విషయం ఇది. నకిలీ పార్టులు వేసేవాళ్లు ఉన్నారు, దాచడం లేదు. కాని కొన్ని ఫోన్లలో డిస్‌ప్లే, బ్యాటరీ, కెమెరాల సీరియల్ నంబర్లను బోర్డుతో ముడివేసి ఉంచుతారు. అదే మోడల్‌కు చెందిన మరో ఫోనులోంచి తీసిన అసలైన కంపెనీ పార్టు వేసినా ఆ మాటే తెర మీద పడుతుంది. 2021లో వచ్చిన ఐఫోన్ 13లో బయటి దుకాణంలో డిస్‌ప్లే మారిస్తే, ముఖం చూసి తాళం తీసే ఫేస్ ఐడీ పనిచేయకుండా పోయేది. పాత డిస్‌ప్లే మీది చిన్న చిప్‌ను మైక్రోస్కోపు కింద ఊడదీసి కొత్తదానికి అతికించవలసి వచ్చేది. విమర్శలు వచ్చాక అప్‌డేట్‌తో దాన్ని సరిచేశారు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2024లో ఇలాంటి ముడివేతను నిషేధిస్తూ చట్టమే చేసింది. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమ్మే ఫోన్లకు, ఆ మోడల్ అమ్మకం ఆగాక ఏడేళ్ల దాకా ముఖ్యమైన పార్టులు దొరకాలి. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (కొన్న వస్తువును బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ తెరిచింది, కాని పోర్టల్ వేరు, చట్టం వేరు. చట్టం రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అపోహ: అంత పెద్ద కంపెనీ మీద మనమేం చేయగలం?

చాలా చేయవచ్చు. ముందు 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న ఊరికి వెళ్లనక్కరలేదు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. దానికి ఆధారం కావాలి కనుక, సర్వీస్ సెంటర్‌లో ఫోను ఇచ్చేటప్పుడు జాబ్ షీట్ (ఫోను సమస్య రాసి ఇచ్చే రసీదు) తప్పకుండా అడిగి తీసుకోండి. అందులో మీరు చెప్పిన సమస్య మీరు చెప్పినట్టే రాశారో లేదో అక్కడే నిలబడి చదవండి, ఫోను ఎక్కడా పగల్లేదని తెలిసేలా నాలుగు వైపులా ఫొటోలు తీసుకుని, బిల్లుతో కలిపి దాచుకోండి.