ఎండ, రంగు, పరువు: మా క్లినిక్‌లో రోజూ వినే అపోహలు

ఒడిశాలోని బరంపురంలో చర్మవైద్యురాలిని. ఏప్రిల్ వచ్చిందంటే స్కూటీ మీద కళ్లు తప్ప ఇంకేమీ కనపడకుండా చున్నీ చుట్టుకుని అమ్మాయిలు వస్తారు. గోపాలపూర్ ఒడ్డు నుంచి మన తెలుగు మత్స్యకారులూ వస్తారు. అమ్మాయిలకి నల్లబడతామని భయం. మత్స్యకారులకి ఆ భయం లేదు, అందుకే ఎండకి అడ్డం ఏమీ పెట్టుకోరు. మన ఇళ్లలో ఎండ మాటెత్తితే రంగు గురించే, ఒంటికి తగిలే దెబ్బ గురించి ఎవరూ అనరు.

అపోహ: నల్లటి ఒంటిని ఎండ ఏమీ చెయ్యదు

ఎండుచేపలు ఆరబెట్టే ఒకావిడ "మాకు ఎండ కొత్తేటి తల్లీ" అంది. ఆవిడ రవిక చేతిని రెండు వేళ్ల మేర పైకి మడిచాను. గీత గీసినట్టు పైన నున్నటి చర్మం, కింద ముదిరి గరుకెక్కిన చర్మం. వేలితో అటూ ఇటూ తడిమి చూసుకుంది.

చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ కొంత కాపాడుతుంది, నిజమే. తెల్లవాళ్లతో పోలిస్తే మనకి చర్మ క్యాన్సర్ చాలా తక్కువ, ఆ పేరు చెప్పి నేను భయపెట్టను. కానీ కమలడం, మంగు, తొందరగా ముడతలు పడటం, కంటి తెల్లగుడ్డు మీద కండ పెరగడం మనకీ వస్తాయి. అతినీలలోహిత కిరణాల్లో సుమారు 15 శాతాన్ని పొడి ఇసుక, 25 శాతాన్ని అలల నురుగు పైకి తిప్పికొడతాయి. ఒడ్డున పనిచేసేవాళ్లకి ఎండ కింద నుంచి కూడా తగులుతుంది.

అపోహ: ఎండ కాదండీ, ఒంట్లో వేడి చేసింది

తెల్ల చర్మం కమిలితే ఎర్రబడుతుంది. మన రంగులో ఆ ఎరుపు సరిగా కనపడదు. మంట, బిగుతు, ముట్టుకుంటే వేడి, అంతే. పైగా కమిలిన సంగతి ఎండలో ఉండగా తెలియదు. కొన్ని గంటలకి మొదలై మర్నాటికి ముదురుతుంది. ఈలోగా పగలంతా వల లాగిన మాట మరిచిపోయి, రాత్రి తిన్న రొయ్యల మీదికి నెపం నెడతారు. మజ్జిగ తాగండి, మంచిదే. కమిలిన చోట చల్లటి తడిగుడ్డ వెయ్యండి, బొబ్బలు చిదమకండి. నిమ్మరసం మాత్రం రుద్దొద్దు. అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి, ఆ నల్లమచ్చలు నెలల తరబడి పోవు.

అపోహ: మగాడికి గొడుగేంటి?

పైకి అనేవాళ్లు తక్కువ, పాటించేవాళ్లు ఎక్కువ. మూడు రోజులు క్రికెట్ ఆడిన డిగ్రీ కుర్రాడు మెడ వెనక పొరలు ఊడుతూ వచ్చాడు. ఇంట్లో వెడల్పు టోపీ ఉందట. "పెట్టుకుంటే మావాళ్లు ఏడిపిస్తారు మేడమ్" అన్నాడు. అతనికి విషయం తెలుసు, టెన్షనంతా స్నేహితుల నవ్వు గురించే. ఇలాంటివాళ్లకి ఇంకో కరపత్రం ఇచ్చి లాభం లేదు. జట్టులో నలుగురూ టోపీ పెట్టాలి, అందుకే ఇప్పుడు కుర్రాళ్లని ఒక్కొక్కరిగా కాకుండా స్నేహితులతో కలిసి రమ్మంటున్నాను. మత్స్యకారులకి మార్గం వాళ్ల దగ్గరే దొరికింది. తలగుడ్డ చుట్టుకుంటే మగతనం తగ్గిందని ఎవరూ అనరు కదా, దాని కొసని మెడ మీదికి వదలమన్నాను. టోపీకి ఒప్పుకోనివాళ్లు దీనికి వెంటనే ఒప్పుకున్నారు.

అపోహ: సన్‌స్క్రీన్ రాశాం కదా, ఎంతసేపైనా ఉండొచ్చు

యూరప్‌లో ఒంటి రంగు ముదరాలని ఎండలో పడుకుంటారు. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ విద్యార్థుల మీద 1999లో వచ్చిన పరిశోధనలో ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి క్రీమ్ ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 10 ఉన్నది వాడినవాళ్లు రోజుకి సగటున 2.6 గంటలు ఎండలో పడుకుంటే, 30 వాడినవాళ్లు 3.1 గంటలు పడుకున్నారు. ఎవరికి ఏ క్రీమ్ ఇచ్చారో వాళ్లకి చెప్పలేదు. క్రీమ్ బలం పెరిగితే ఎండలో ఉండే సమయమూ పెరిగిందన్నమాట. ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవునా క్రీమ్ తీసుకుని, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. అంత ఖర్చు పెట్టలేని ఇంటికి నిండు చేతుల నూలు చొక్కా, మధ్యాహ్నం నీడ చాలు.

తెల్లబడటానికి మందుల షాపులో అడిగి కొనే స్టెరాయిడ్ క్రీములంటే నాకు నిజంగా బాధ. వాటితో చర్మం పలచబడి, కాస్త ఎండకే మండుతుంది. 2018లో ఇలాంటి 14 స్టెరాయిడ్లని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్నారు, అయినా ట్యూబులు ఇంకా చేతులు మారుతున్నాయి. మీ ఇంట్లో ఎవరైనా నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా మానిపించకండి, ముఖం భగ్గుమంటుంది. ట్యూబు వెంట తెచ్చి డాక్టరుకి చూపించండి.